గరిటెడు కాదు, గిన్నెడు కూర

ఆసుపత్రిలో నా గదికి వచ్చి కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఒకే మాటతో మొదలుపెడతారు. "ఏమేం మానెయ్యాలో చెప్పండమ్మా." షుగరు కానీ, బీపీ కానీ, కొలెస్ట్రాల్ కానీ, రక్తం తక్కువ కానీ, జబ్బు ఏదైనా అడిగేది అదే. గుంటూరులో డైటీషియన్‌గా పనిచేస్తూ ఈ ప్రశ్న ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ ఇంట్లో నలుగురికి ఎంత కూర వండుతారు?"

బియ్యం ఎన్ని గ్లాసులో ఠక్కున చెప్పేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కాసేపు ఆలోచించి "అరకిలో బెండకాయలండీ, రెండు పూటలా వచ్చేస్తాయి" అంటారు. జబ్బు ఆనవాలు చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది. నలుగురు మనుషులు, రెండు పూటలు, అరకిలో బెండకాయలు. తలకు పూటకు అరవై గ్రాముల చిల్లర. మిగతా కడుపంతా అన్నమే నింపుతోంది. ఏం మానెయ్యాలన్నది అప్పుడు చిన్న ప్రశ్న అయిపోతుంది. కూర ఎందుకింత తక్కువ తింటున్నాం, ఎక్కువ తినాలంటే దాన్ని ఎలా వండాలి అన్నది అసలు ప్రశ్న.

చప్పిడి పథ్యం పది రోజులే

పథ్యం అనగానే మన ఇళ్లలో ఉప్పూ కారం తగలని చప్పిడి తిండి గుర్తొస్తుంది. జ్వరం పడి లేచినవాళ్లకూ, బాలింతలకూ పెట్టే తిండి అది. నాలుగు రోజుల ముచ్చట. బీపీ, షుగరు నాలుగు రోజుల్లో వదిలే జబ్బులు కావు. జీవితాంతం తినాల్సినదాన్ని కూడా జ్వరపథ్యంలా రాసిస్తే ఎవరు తింటారు? పొద్దున ఓట్సు, మధ్యాహ్నం ఉడకేసిన క్యారెట్టు బీన్సు, రాత్రి రెండు పుల్కాలు అని అచ్చేసిన కాగితం చేతికిస్తే ఇంటికెళ్లి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తారు. కాగితం అక్కడే ఉంటుంది. మనిషి మాత్రం పది రోజులు తిరక్కుండా ఆవకాయ జాడీ దగ్గర తేలతాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పులుపు, కారం, ఇంగువ పోపు మధ్య పెరిగిన నాలుక అది.

ఇదేదో నా గదికి వచ్చే కొద్దిమంది కథ అయితే ఇంత రాయక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్లమందికి పైగా దాని గుమ్మంలో నిలబడి ఉన్నారని, పెద్దవాళ్లలో మూడోవంతు మందికి మించి రక్తపోటు ఉందని ఆ సర్వే లెక్క తేల్చింది. ఇంతమందికి చప్పిడి కాగితాలు రాసిస్తూ కూర్చుంటే పని జరగదు. రుచిగా ఉండి, రోజూ తినగలిగి, ఒంటికి మేలు చేసే వంటే కావాలి. అది మన వంటింట్లోనే ఉంది. కొలతలు సవరించుకోవాలి, అంతే.

కలుపుకునే కూర, తినే కూర

తెలుగు కూర పుట్టిందే అన్నంలో కలుపుకోడానికి. వరి పండే సీమలో అన్నం పుష్కలం, కూర పరిమితం. కొంచెం కూరతో చాలా అన్నం దిగాలంటే ఆ కొంచెంలోనే ఉప్పు, కారం, పులుపు, నూనె దట్టించాలి. గోంగూర పచ్చడి ఒక ముద్దంత వేసుకుంటే అయిదారు ముద్దల అన్నం దానివెంట పోతుంది. దొండకాయ వేపుడు, వంకాయ కారం, చేపల పులుసు అన్నిటిదీ అదే సూత్రం. పొద్దస్తమానం పొలంలో పనిచేసిన మనిషికి ఆ అన్నం అరిగిపోయేది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాళ్లకు అరగదు.

మరి అన్నం తగ్గించి కూర ఎక్కువ తినమంటే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడే చాలామంది చిక్కుపడతారు. మిర్చి యార్డులో గుమస్తాగా చేసే ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. ఎవరో చెబితే ఆవిడ ఆయన కంచంలో అన్నం సగం చేసి, కూర రెండింతలు పెడుతున్నారు. బీపీ తగ్గకపోగా పెరిగింది.

"కారం మంట అంటారండీ, దాహం అంటారండీ. మజ్జిగలో ఇంత ఉప్పేసుకుని గడగడా తాగేస్తున్నారు" అన్నారావిడ.

"అరకిలో దొండకాయలకి ఉప్పెంత వేస్తారమ్మా?"

"చెంచాడున్నర ఉంటుందేమో. నూనె ఒక గరిటెడు. కారం కంటికి ఎర్రగా కనిపించాలి మా ఆయనకి."

"అదే ఉప్పు, అదే కారం, అదే నూనె వేసి కిలో కాయలు వండండి."

"చప్పగా ఉండదాండీ?"

"అన్నంలో కలిపితే చప్పగానే ఉంటుంది. విడిగా గిన్నెలో పెట్టి తినమనండి."

అన్నంలో కలిపే కూరకు ఆ అన్నానికి కావలసిన ఉప్పు కూడా తానే మోయాల్సి వస్తుంది. విడిగా తినే కూరకు తన ఉప్పు తనకు చాలు. ఉత్తరాదివాళ్లు సబ్జీని, అరవవాళ్లు పొరియల్‌ను తినేది ఇంచుమించు ఇలాగే. మనకూ ఇది కొత్తేమీ కాదు. కొబ్బరి వేసిన బీన్సు కూర, పెసరపప్పు వేసిన పొట్లకాయ కూర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఒట్టివే గిన్నెడు తినగలిగేవి. పెళ్లి భోజనాల్లో వాటిని ఇష్టంగా తిని, ఇంటికొచ్చి వేపుడు మీద పడతాం.

తార్నాక లెక్క

కూర ఎంత తినాలో ఊహించుకోవాల్సిన పనిలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి ఒక కంచం లెక్క అందులో ఉంది. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు. ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. పల్లీలు, నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు. నూనె 27 గ్రాములు. ఇవి వండకముందు తూకాలు.

నలుగురున్న ఇంటికి లెక్క వేయండి. రోజుకు 1600 గ్రాముల కూరగాయలు, 340 గ్రాముల పప్పు. బియ్యం మాత్రం కిలో, అదీ పొద్దున ఇడ్లీ, దోసె, ఉప్మా రవ్వలతో కలిపి. ఈ లెక్క చూపిస్తే "ఇంత కూరా?" అని ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. ఒక్కరోజులో అక్కడికి చేరమని నేననను. ఇప్పుడు వండేదానికి ఒకటిన్నర రెట్లు, నెల పోయాక రెండు రెట్లు. అలవాటు పడ్డ కడుపు తర్వాత తనే అడుగుతుంది.

ఈ సంస్థ పుట్టుకకే బియ్యంతో లంకె ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ కాలంలో దేశంలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతాల్లో మన ఉత్తర సర్కారులు, అంటే కోస్తా తెలుగు జిల్లాలు ఉండేవి. మిల్లులో తెల్లగా పట్టిన పచ్చిబియ్యం తినడమే కారణం. తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పై పొరలోని విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి. కొండంత తెల్లన్నం, నంజుకోడానికి పిసరంత ఏదో ఒకటి అనే కంచం మనల్ని దెబ్బకొట్టడం ఇదే మొదటిసారి కాదన్నమాట. అప్పుడు లోపంతో కొట్టింది. ఇప్పుడు షుగరుతో కొడుతోంది.

నిల్వ లేని పచ్చడికి ఉప్పెందుకు

మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. దాదాపు ఒక టీ చెంచాడు. కూరలో, పప్పులో, పులుసులో, మజ్జిగలో, అప్పడంలో, బిస్కెట్లలో ఉన్నదంతా కలిపి ఆ చెంచాడే.

మన ఉప్పులో పెద్ద వాటా ఊరగాయది. ఆవకాయకు ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా వేయడం పాత కొలత. అక్కడ ఉప్పు తగ్గించడానికి లేదు. తగ్గిస్తే బూజు పడుతుంది. ఏడాది నిల్వ ఉండాలంటే ఆ ఉప్పు ఉండాల్సిందే. అందుకని నేను ఊరగాయలో ఉప్పు తగ్గించమని చెప్పను, ఊరగాయ వాడకం తగ్గించమంటాను. పెరుగన్నంలోకి వేలికొసంత. దాని చోటులోకి రోటి పచ్చడి తెచ్చుకోమంటాను. దోసకాయ పచ్చడి, కాల్చిన వంకాయ పచ్చడి, బీరపొట్టు పచ్చడి, టమాటా కొత్తిమీర పచ్చడి ఇవాళ చేసి ఇవాళే తినేవి. వాటిలో ఉప్పు రుచికే తప్ప కాపలాకు కాదు. ఊరగాయలో వేసిన చేతితోనే వీటిలోనూ ఉప్పు వేసేయడం మనకు అలవాటైపోయింది. సగం వేసి, నిమ్మరసం పిండి చూడండి. పులుపు తగిలితే నాలుకకు ఉప్పు లోటు అంతగా తెలియదు.

ఉప్పు ఎప్పుడు వేస్తామన్నదీ ముఖ్యమే. కాయలు ఉడికేటప్పుడే వేస్తే అది ముక్కలోకి ఇంకిపోతుంది, పైన రుచి తెలియక మళ్లీ వేస్తాం. దింపబోయే ముందు వేస్తే ముక్క మీదే ఉండి నాలుకకు ముందు అదే తగులుతుంది. తక్కువ సరిపోతుంది. ఇలా కొన్ని వారాలు నడిస్తే నాలుక దారిలోకి వస్తుంది. పాత మోతాదులో వండిన కూర బయట తిన్నప్పుడు "అబ్బ, ఇంత ఉప్పేంటి" అని వాళ్లే అంటారు.

ఆవ, నువ్వు, పోపు, మంట

ఉప్పూ నూనె తగ్గించాక రుచి ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్లకు నేను నాలుగు సాయాలు చెబుతాను.

మొదటిది ఆవ. అరటికాయ ముక్కలను చింతపండు పులుసు, పసుపుతో ఉడికించి, చిన్న పోపు వేసి, పొయ్యి ఆపేశాక ఆవముద్ద కలపాలి. ఆవాలను నానబెట్టి నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. నీరు తగిలాక వాటిలోని ఎంజైమ్ పనిచేయడం వల్ల వచ్చే ఘాటు అది. నూరకుండా సలసల కాగే కూరలో వేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, చేదు మిగులుతుంది. మన పెద్దవాళ్లు ఆవ పెట్టడం ఎప్పుడూ దింపాకే చేసేవారు. ముక్కుపుటాలు అదిరే ఆ ఘాటు ఉంటే ఉప్పు సగమైనా ఎవరూ గమనించరు.

రెండోది నువ్వులు. మా అత్తగారిది వరంగల్ వైపు. ఎండాకాలం వాళ్లింట పచ్చిపులుసు లేని పూట ఉండదు. చింతపండు నీళ్లలో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, వేయించి దంచిన నువ్వుల పొడి, కొత్తిమీర, చిటికెడు బెల్లం. పులుసు మరిగించే పనే లేదు, చుక్క నూనె అక్కర్లేదు. గ్లాసులో పోసుకుని తాగొచ్చు. నువ్వుల్లో కాల్షియం దండిగా ఉంటుంది. బీరకాయ, సొరకాయ, దోసకాయలాంటి నీటి కాయలను నీళ్లు పోయకుండా మూత పెట్టి మగ్గబెట్టి, చివర్లో రెండు చెంచాల నువ్వుల పొడి చల్లితే కిలో కాయలకు రెండు చెంచాల నూనె చాలు. అవిసెల పొడి, పల్లీల పొడి చేసే పనీ అదే.

మూడోది పోపు. నూనె తక్కువైనప్పుడు దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియాలి. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు వాసనలు నూనెలోనే బాగా విచ్చుకుంటాయి. కూరను నూనెలో ఈదించే బదులు మగ్గిన కూర మీద చెంచాడు నూనెతో ఘుమఘుమలాడే పోపు వేస్తే ఇల్లంతా తెలుస్తుంది. అసలు నూనె లేకుండా వండమని మాత్రం నేను చెప్పను. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి.

నాలుగోది నిప్పు. వంకాయను, టమాటాను, పచ్చిమిర్చిని సెగ మీద కాలిస్తే వచ్చే పొగవాసన ఏ మసాలా పొడీ ఇవ్వదు. ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు నూనె లేకుండా వేయించి కొట్టిన పొడి కూర మీద చల్లితే మాడు వాసన కాకుండా కమ్మని వేపుడు వాసన వస్తుంది. మామిడి ఒరుగులు వేసి కొట్టిన కరివేపాకు పొడికి ఉప్పు చాలా తక్కువ పడుతుంది.

గుంటూరులో ఉండి కారం సంగతి ఎత్తకపోతే ఊరు ఊరుకోదు. మితంగా ఉంటే, కడుపులో మంట, పుండు లేనివాళ్లకు కారంతో నాకు పేచీ లేదు. మిర్చి బీపీ పెంచదు. కాకపోతే కూర మండిపోతుంటే ఆ మంట చల్లార్చడానికి మరో రెండు ముద్దల అన్నం పడుతుంది. అంతవరకే దాని నేరం.

పప్పు పలచనైపోయింది

"పప్పు రోజూ తింటామండీ" అంటారు అందరూ. నలుగురికి ఎంత వేస్తారంటే ఒక టీ గ్లాసు అంటారు. ఆ గ్లాసు పప్పులో చెంబెడు నీళ్లు, రెండు టమాటాలు పడి గిన్నె నిండుతుంది. మనిషికి దక్కే పప్పు గుప్పెడు కూడా ఉండదు. కందిపప్పులో అయిదోవంతు మాంసకృత్తులే. కానీ ఆ లాభం పప్పులో ఉంటుంది గానీ పప్పు నీళ్లలో ఉండదు. తోటకూర పప్పు గానీ, మామిడికాయ పప్పు గానీ గరిటె నిలబడేంత చిక్కగా వండి, గిన్నెలో వేసుకుని తినాలి. బియ్యంలో లైసిన్ అనే ముడిపదార్థం తక్కువ, పప్పులో అది ఎక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పన్నం అందుకే మంచి జోడీ, పప్పు వాటా పెరిగినప్పుడు మరీ మంచిది.

పొద్దున టిఫిన్‌లో దోసె కంటే పెసరట్టు మేలు. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బడమే. దాని పొట్టలో ఉప్మా పెట్టకండి. అలా పెడితే తగ్గించిన ధాన్యాన్ని మళ్లీ మడతపెట్టి తినడమే అవుతుంది. సాయంత్రం మిక్చరు పొట్లం బదులు శనగల గుగ్గిళ్లు, ఉలవ గుగ్గిళ్లు. ఉలవచారును పెళ్లి విందుగానే చూస్తారు గానీ, ఉడికించిన ఉలవలను పారేయకుండా తినడమే అందులో అసలు పోషణ. మాంసాహారులకు గుడ్డు, చిన్న చేపల పులుసు. ముళ్లతో సహా నమిలి తినగలిగే చిన్న చేపల్లో కాల్షియం కూడా వస్తుంది.

జొన్నలు, రాగులు తింటున్నాం కాబట్టి ఫర్వాలేదనుకునేవాళ్లకు ఒక మాట. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, జొన్నరొట్టెలో పీచు ఉంటుంది. బియ్యం కంటే మంచివే. కానీ అవీ ధాన్యాలే. సంకటి ముద్దలు నాలుగు లాగించి "అన్నం మానేశాను" అంటే షుగరు మిషన్ ఒప్పుకోదు. తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టెతో పాటు గంగవాయిలి కూర పప్పు, రాయలసీమలో సంకటితో పాటు ఆకుకూర పప్పు, నాటుకోడి పులుసు తింటారు. ఆ జోడీని విడదీసి రొట్టెను ఒక్కదాన్నే మందులా తినడం సగం పని.

చివర తినే మనిషి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో దాదాపు 58 శాతం. ఈ అంకె నాకు ఆశ్చర్యం కలిగించదు. అందరికీ వడ్డించాక వంటింట్లో ఏం మిగులుతుందో చూడండి. అన్నం మిగులుతుంది, చారు మిగులుతుంది. కూర గిన్నె అడుగు కనిపిస్తుంటుంది. ఆవిడ ఆ గిన్నెలోనే కాస్త అన్నం కలుపుకుని, పచ్చడి వేసుకుని, పెరుగుతో ముగిస్తుంది. పైగా భోజనం అయిన వెంటనే టీ. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టీ అడ్డుపడుతుంది.

కూర ఎక్కువ వండితే ముందు బాగుపడేది ఈ కంచమే. దానికి తోడు రెండు అలవాట్లు. పప్పు మీద, ఆకుకూర మీద తినేముందు నిమ్మరసం పిండుకోవడం, టీని భోజనానికి గంటన్నర దూరం జరపడం. నిమ్మలోని సి విటమిన్ ఉంటే మొక్కల్లోని ఇనుము మెరుగ్గా ఒంటికి పడుతుంది. పొయ్యి మీద మరిగిస్తే ఆ విటమిన్ పోతుంది, అందుకే చివర్లో.

ఆకుకూరలు ఇచ్చేది ఇనుమొక్కటే కాదు. 1930 ప్రాంతాల్లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై పరిశోధిస్తూ, ఈస్ట్ సారంతో అది నయమవుతోందని గమనించారు. అందులో పనిచేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ జబ్బు బలిగొంది, ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందయింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఇనుముతో పాటు ఉండేది అదే. మాత్ర మానకూడదు. దానితోపాటు తోటకూర, పాలకూర, పెసలు, శనగలు కూడా కంచంలో ఉండాలి.

వండే ఓపిక, కొనే డబ్బు

కిలో కాయలు ఎవరు తరుగుతారు? ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన ఆడమనిషి ఈ మాట అడిగితే నా దగ్గర తియ్యటి సలహా లేదు. ఇంట్లో ఉన్న మగవాళ్లు కత్తిపీట దగ్గర కూర్చోవాలి. షుగరు ఆయనదైనప్పుడు సొరకాయ చెక్కు తీయడం ఆయన మందులో భాగమే. తరగడం తక్కువ పడే కూరలూ ఉన్నాయి. గుమ్మడికాయ, సొరకాయ పెద్ద ముక్కలుగా పులుసులో వేయొచ్చు. తోటకూర, బచ్చలి పప్పులోకి చేత్తో తుంపేయొచ్చు.

కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునే ఇళ్లు ఊరూరా పెరిగాయి. ఆ కూరలు పక్కాగా కలుపుకునే కూరలు. ఉప్పూ నూనె దండిగా ఉంటాయి. తెచ్చుకోక తప్పకపోతే ఇంట్లో ఉడికించిన సొరకాయో, క్యాబేజీయో, పప్పో అందులో సమానంగా కలిపేయండి. పైన తేలే నూనె వంచేయండి. పక్కన కీర దోసకాయ, ఉల్లిపాయ, పెరుగు పెట్టుకోండి.

డబ్బు మాటకొస్తే కూరగాయలు బియ్యం కంటే ఖరీదే, అందులో అనుమానం లేదు. రైతుబజారులో ఆ రోజు ఏది కుప్పలుగా ఉందో అదే కొనండి. ఏ కాలానికా కాయ చవక. వేపుళ్ల నూనెలో, మిక్చరు పొట్లాల్లో, కూల్‌డ్రింకుల్లో మిగిలేది లెక్కవేస్తే తేడా చాలావరకు పూడుతుంది.

ముందు డాక్టరును అడగాల్సినవాళ్లు

అందరికీ ఒకే కంచం నప్పదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆకుకూరలు, టమాటాలు, పండ్లలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలోనూ పొటాషియమే కలుపుతారు, అదీ వాళ్లు అడగకుండా వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు. మందు మోతాదు డాక్టరుతో సరిచేయించుకున్నాకే కంచం మార్చాలి. వంట బాగుందని మందు సొంతంగా ఆపేయడం అంతకంటే పెద్ద ప్రమాదం.

మిగిలినవాళ్లు తమ వంట ఎటు పోతోందో తెలుసుకోడానికి రక్తపరీక్ష దాకా ఆగక్కర్లేదు. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నూనె డబ్బా మీదా రాయండి. తార్నాక లెక్క ప్రకారం నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి, ఊరగాయలూ బయటి తిళ్లూ ఉన్న ఇంట్లో ఇంకా ఎక్కువ రోజులు రావాలి. నూనె నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. ఉప్పు ముప్ఫై రోజులకే అయిపోయిందంటే మీ ఇంటి కూర ఇంకా అన్నం కోసమే వండుతున్నారని అర్థం. కాయలు పెంచండి, ఆవ పెట్టండి, నిమ్మకాయ పిండండి. మరో ప్యాకెట్ విప్పి మళ్లీ తేదీ వేయండి.